వెండి బొమ్మకు కాగితపు అంచు

చెన్నై సౌకార్‌పేటలో వెండి కొన్నవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. దుకాణంలో పట్టీలను తూచి, గులాబీరంగు పలుచటి కాగితంలో చుట్టి ఇస్తారు. ఆ పొట్లాన్ని తడిచేత్తో పట్టుకుంటే వేళ్లకు రంగు అంటుకుంటుంది. పట్టీలను బీరువాలో పెట్టి ఏడాది మరిచిపోతే నల్లబడతాయి. గాలిలోని గంధకపు వాయువులు వెండి పైపొరను వెండి సల్ఫైడుగా మార్చడమే దానికి కారణం. విభూతితో తోమితే నలుపు పోయి పట్టీలు మళ్లీ మెరుస్తాయి.

గోడకు వేలాడే తాతగారి నలుపు తెలుపు ఫొటో కూడా వెండే. అందులో నల్లగా కనిపించేదంతా జెలటిన్ పొరలో చిక్కుకున్న వెండి రేణువుల గుంపు. పట్టీలో వెండి మందంగా ఉంటుంది కనుక పైపొర పోయినా లోపలిది మిగులుతుంది. ఫొటోలోని రేణువు మైక్రానులో కొంత భాగమే. దానికి పైపొర, లోపొర అన్న తేడా లేదు. ఆక్సీకరణం మొదలైతే రేణువు మొత్తం మారిపోతుంది. నలుపు పసుపుగానూ, గోధుమరంగుగానూ తేలిపోతుంది. మరికొన్ని ఫొటోల్లో కరిగిన వెండి పైకి చేరి, నల్లని భాగాల మీద నీలిమెరుపుగా కనిపిస్తుంది. పట్టీని తోమినట్టు ఫొటోను తోమలేం.

పాత ఫొటోలను రంగురంగుల కాగితాల మీద అమర్చి, చుట్టూ అంచు వచ్చేలా అతికించి, స్క్రాప్‌బుక్ తయారుచేసే అలవాటు ఇప్పుడు మన ఇళ్లలోనూ కనిపిస్తోంది. అందుకు కావలసిన కాగితాలు సౌకార్‌పేట నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే దొరుకుతాయి. ప్యారీస్ వైపున్న అండర్సన్ వీధి కాగితాలకూ, పెళ్లి శుభలేఖలకూ పేరుపడింది. కొత్వాల్ చావడిలోని కన్యకా పరమేశ్వరి గుడిని కొలిచే తెలుగు కుటుంబాల్లో తరతరాల పెళ్లిఫొటోలు పెట్టెల్లో ఉన్నాయి. ఆ ఫొటోలూ ఈ కాగితాలూ ఒకే పుట మీదికి చేరే ముందు గుర్తుంచుకోవలసినది ఒకటే. అంచు కాగితం అలంకారంతో ఆగదు, అది ఫొటోకు జీవితకాలపు పొరుగు. పొరుగు మంచిదో కాదో కంటికి కనిపించే అందం చెప్పదు.

అట్ట అవసరం ఎలా వచ్చింది

ఫొటోను అట్టకు అతికించడం మొదట సోకు కోసం కాదు. 1850లో ఫ్రాన్సులో బ్లాంకార్ ఎవ్రార్ గుడ్డు తెల్లసొనతో ఫొటో కాగితం తయారుచేసే పద్ధతిని ప్రకటించాడు. ఆ కాగితం చాలా పలుచన. ఆరిన తెల్లసొన పొర ఒకవైపు లాగుతుంటే చుట్టలా చుట్టుకుపోయేది. దాన్ని చదునుగా నిలపాలంటే దళసరి అట్టకు అతికించక తప్పలేదు. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా 1856 నుంచి పనిచేసిన లిన్నియస్ ట్రైప్ కాలం నుంచి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరైన రాజా దీన్ దయాళ్ కాలం వరకు, ఆల్బమంటే అట్టల పుస్తకమే. తరువాత స్టూడియోలు ఆ అట్టల మీద బంగారు గీతలూ, పొంగు అక్షరాలూ వేయడంతో అవసరం కాస్తా అలంకారమైంది.

చాలా స్టూడియో అట్టలకు పైన, కింద మాత్రమే మంచి కాగితం. మధ్యలో చవక గుజ్జు. వందేళ్ల తరువాత ఆ అట్టలు అప్పడంలా విరుగుతున్నాయి. అట్టతోపాటు దాని మీది ఫొటో కూడా విరుగుతోంది.

కాగితంలో దాగిన ఆమ్లం

కాగితానికి ప్రాణం సెల్యులోజ్ అనే పొడుగాటి గొలుసు అణువు. పత్తిలో అది దాదాపు శుద్ధంగా ఉంటుంది. కలపలో దానితోపాటు లిగ్నిన్ అనే బంధన పదార్థం కూడా ఉంటుంది. 1840లలో జర్మనీలో కెల్లర్ కలపను రాతిచక్రం మీద అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాక కాగితం చవకైంది, లిగ్నిన్ మొత్తం అందులోనే ఉండిపోయింది. వెలుతురు, గాలి తగిలితే లిగ్నిన్ పసుపెక్కి ఆమ్లాలనూ పెరాక్సైడులనూ వదులుతుంది. వెండి రేణువులకు పెరాక్సైడులే పెద్ద శత్రువులు.

ఇది చాలదన్నట్టు సిరా పాకకుండా కాగితానికి పెట్టే గంజిలోనూ మార్పు వచ్చింది. 1807లో ఇల్లిగ్ ప్రకటించిన పద్ధతిలో పైన్ చెట్ల జిగురుకు పటిక జాతి లవణం కలుపుతారు. ఆ లవణం చెమ్మతో కలిసి ఆమ్లాన్నిస్తుంది. ఆమ్లం సెల్యులోజ్ గొలుసును ఎక్కడికక్కడ తెంపుతుంది. తెగినచోట ఆమ్లం ఖర్చయిపోదు, మరో చోటికి పోయి మళ్లీ తెంపుతుంది. అందుకే కాగితం పాతబడేకొద్దీ వేగంగా పాడవుతుంది.

ఈ గుజ్జు కాగితానికి అందరికీ తెలిసిన నమూనా దినపత్రిక. 1914లో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను దినపత్రికగా మద్రాసులో ప్రారంభించారు. దాని కార్యాలయం సౌకార్‌పేటకు దగ్గర్లోని తంబుచెట్టి వీధిలోనే ఉండేది. ఏ దినపత్రిక కాగితమైనా ఒకరోజు చదువు కోసం తయారైనదే, నూరేళ్ల కోసం కాదు. మన ఇళ్లలోని పాత ఫ్రేముల వెనక మేకులు ఊడదీసి చూస్తే, అద్దానికి బిగువుగా ఉండేందుకు ఫొటో వెనక మడతపెట్టిన దినపత్రిక తరచూ కనిపిస్తుంది. పత్రిక ముదురు గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. దాన్ని తీసి ఫొటో వెనక్కి తిప్పితే, మడత ఎక్కడుందో అక్కడ అదే ఆకారంలో గోధుమరంగు నీడ. ఆమ్లం ఒక కాగితం నుంచి మరొకదానికి పాకుతుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

ఫ్రేములో ఫొటో చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట అంచుల్లోనూ ఇదే చూడవచ్చు. ఫ్రేము కట్టేవాళ్లు అట్టను 45 డిగ్రీల వాలుతో కోస్తారు. చవక అట్టయితే కొన్నేళ్లకు ఆ వాలు గోధుమరంగు గీతగా మారుతుంది. దాని పక్కనే ఫొటో మీద కూడా సన్నటి గోధుమ చార పడుతుంది.

సముద్రపు గాలి, కరిగే జెలటిన్

ఆమ్లానికి పని చేయడానికి చెమ్మ కావాలి, వేడి దాన్ని తొందరపెడుతుంది. చెన్నైలో రెండింటికీ కొదవలేదు. ఫొటోలు దాచడానికి అంతర్జాతీయ ప్రమాణాలు సూచించే తేమ 30 నుంచి 50 శాతం. ఈ నగరపు గాలిలో తేమ ఏడాదిలో చాలాకాలం 70 శాతం దగ్గర్లో ఉంటుంది, ఈశాన్య రుతుపవనాల వేళ ఇంకా పెరుగుతుంది. అంత తేమకు జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. అద్దానికి ఆనుకున్న ఫొటో దానికే అంటుకుపోతుంది. లాగితే బొమ్మ సగం అద్దం మీద ఉండిపోతుంది. కిటికీ అట్ట చేసే అసలు మేలు ఇక్కడుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల దాని మందం అద్దానికీ ఫొటోకూ నడుమ గాలి ఆడే చోటు ఇస్తుంది.

స్క్రాప్‌బుక్‌లో అద్దం ఉండదు కదా అనిపించవచ్చు. కానీ పుస్తకం మూసినప్పుడు ఎదుటి పుట మీది కాగితం సరిగ్గా ఫొటో ముఖానికి ఆనుతుంది. వెనక అతికించే కాగితాన్ని ఎంతో శ్రద్ధగా ఎంచుకునేవాళ్లు కూడా ముందువైపు వచ్చి ఆనే ఈ పొరుగును మరిచిపోతారు. మన పెద్దవాళ్ల నల్లపుటల ఆల్బముల్లో ప్రతి రెండు పుటల నడుమ సాలెగూడు అచ్చున్న పలుచటి కాగితం ఉండేది. ఫొటోను జిగురుతో కాక నాలుగు మూలలా కార్నర్లతో నిలిపేవారు. రసాయనశాస్త్రం ఇప్పటికీ చెప్పే మాట అదే: నడుమ ఒక పొర ఉంచు, జిగురు తగలనివ్వకు.

శుభలేఖ అందాలు

మిగిలిన శుభలేఖలను కత్తిరించి పెళ్లిఫొటోకు అంచుగా పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఆ ఆలోచన అందమైనదే. అయితే శుభలేఖలో ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

మెరిసే బంగారు అక్షరాలు సాధారణంగా రంగు పూసిన అల్యూమినియం రేకు. ఇది పెద్దగా హాని చేయదు. బంగారు సిరా మాత్రం ఇత్తడి పొడి, అంటే రాగి, జింకు. చెమ్మకు రాగి పచ్చబడటమే కాక సెల్యులోజ్ ఆక్సీకరణానికి ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది. గ్లిట్టర్ షీటు మీది రేణువులు లోహపు పూతగల ప్లాస్టిక్ తునకలు. వాటి గరుకు అంచులు జెలటిన్‌ను గీరుతాయి. ముదురు ఎరుపు, గులాబీ కాగితాల్లో నీటిలో కరిగే రంగులు ఉండవచ్చు. పట్టీల పొట్లం వేళ్లకు చెప్పిన పాఠమే ఇది. ఇక నాలుగు మూలలా మనం మంగళకరంగా రాసే పసుపు. అందులోని కుర్కుమిన్ వెలుతురుకు వెలిసిపోతుంది, ఆనిన కాగితానికి మాత్రం గట్టిగా పట్టేస్తుంది. పసుపు మూలలను దాచుకోవాలనుకుంటే ఫొటో ఉన్న పుటలో కాక విడిగా ఒక పాలియెస్టర్ కవరులో ఉంచడం మేలు.

పత్తి గుడ్డపీలికలతో చేసిన చేతికాగితంలో లిగ్నిన్ దాదాపు ఉండదు, కనుక అది మంచి ఎంపిక. రంగు వేయనిదైతే మరీ మంచిది. కొన్ని కాగితాలకు 2, 3 శాతం సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. బయటి నుంచి వచ్చే ఆమ్లాన్ని సుద్ద పీల్చుకుంటుంది. వెండి ఫొటోలకు ఇది రక్ష. నీలిరంగు సయనోటైపు బొమ్మలకు మాత్రం పనికిరాదు, క్షారం తగిలితే ఆ నీలం వెలిసిపోతుంది. ల్యాబు నుంచి వచ్చే రంగుల ఫొటోలో వెండి ఉండదు, మూడు రంగుద్రవ్యాల పొరలే ఉంటాయి. దానికి కాగితం కన్న ఎండ, వేడి పెద్ద ముప్పు.

జిగురు సంగతి మరొకటి. పురుగు పట్టకుండా మైదా పిండి జిగురులో మైలుతుత్తం కలపడం మన బైండింగు పనివాళ్ల పాత అలవాటు. మైలుతుత్తమంటే కాపర్ సల్ఫేట్. పురుగు రాదు నిజమే, కానీ రాగి, ఆమ్లం రెండూ కలిసి వస్తాయి. పుస్తకపు అట్టకు చెల్లిన పద్ధతి ఫొటో వీపుకు చెల్లదు.

పరీక్షించడం ఎలా

ఫొటో పక్కన ఉంచే పదార్థాలకు ఐఎస్ఓ 18916 అనే ప్రమాణం ఉంది. కాగితాన్ని సూక్ష్మమైన వెండి పొరకూ, జెలటిన్ పొరకూ ఆనించి 70 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 86 శాతం తేమలో 15 రోజులు ఉంచుతారు. వెండి వెలిసినా, జెలటిన్‌కు మరక పడినా కాగితం తప్పినట్టే. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ప్రకటించిన పరీక్ష కూడా ఇలాంటిదే. వెండి, రాగి, సీసం ముక్కలను పరీక్షించాల్సిన పదార్థంతో కలిపి, చెమ్మతో సీసాలో మూసి, 60 డిగ్రీల వద్ద 28 రోజులు ఉంచుతారు.

ఇంట్లో అంత ఏర్పాటు కుదరదు, కానీ మూడు పనులు చేయవచ్చు. కాగితం ముక్క మీద తడిపిన తెల్లగుడ్డ ఉంచి బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. గుడ్డకు రంగు దిగితే ఆ కాగితం ఫొటోకు తగదు. మరో ముక్కను సగం స్టీలు పళ్లెం కింద దాచి, సగం ఎండకు వదిలి మూడు వారాలు చూడాలి. ఎండలోని సగం పసుపెక్కితే లిగ్నిన్ ఉందని అనుమానించాలి. ఇంకో ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి భూతద్దంలో చూస్తే సన్నటి బుడగలు లేచినప్పుడు సుద్ద ఉన్నట్టు. బుడగలు లేవకపోయినంత మాత్రాన ఆమ్లం ఉన్నట్టు కాదు.

అంచు రంగు, అంచు వెడల్పు

అందానికీ ఒక శాస్త్రం ఉంది. పారిస్‌లోని గోబెలిన్ల అద్దకశాలలో పనిచేసిన షెవ్రోల్, 1839లో ప్రచురించిన గ్రంథంలో పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చి చూపుతాయో వివరించాడు. చీరకు అంచు ఎంచే నేతగాడికి ఇది అనుభవంతో తెలిసినదే. మల్లెపూవులాంటి తెల్లకాగితం మీద పెడితే పాత ఫొటో ఉన్నదానికన్న పసుపుగా, ముసలిదానిగా కనిపిస్తుంది. మీగడరంగు మీద పెడితే దాని తెలుపు మళ్లీ తెలుపవుతుంది. నల్లటి అంచు బొమ్మను వెలుతురుగా చూపుతుంది.

నాలుగు అంగుళాలు బై ఆరు అంగుళాల ఫొటో, అంటే దాదాపు 102 బై 152 మిల్లీమీటర్లు, చుట్టూ 5 మిల్లీమీటర్ల అంచు రావాలంటే కాగితాన్ని 112 బై 162గా కోయాలి. రంగుకాగితం మీద మోజు వదులుకోలేకపోతే దానికీ ఫొటోకూ నడుమ పరీక్షలో నెగ్గిన తెల్లకాగితాన్ని 108 బై 158గా కోసి ఉంచవచ్చు. చుట్టూ మూడు మిల్లీమీటర్ల తెల్లని గట్టు కనిపిస్తుంది, దాని బయట రెండు మిల్లీమీటర్ల రంగు. కంటికి అది జంట అంచు, రసాయనానికి అడ్డుగోడ.

ఇదంతా కష్టమని అనిపిస్తే సౌకార్‌పేట అలవాటునే తలుచుకోవచ్చు. గీటురాయి మీద గీసి చూడనిదే బంగారం కొనని పేట ఇది. ఆ దగ్గర్లోనే కాగితం కొని తెచ్చుకున్నవాళ్లు, తాతగారి ముఖానికి దాన్ని ఆనించే ముందు, తడిగుడ్డతో ఒక్కరాత్రి పరీక్ష పెట్టలేరా?