తాకుతెర చిన్నపెట్టె: పొలమున దాని ఉపయోగమెంత?

బావి కడ మోటారు నడచుచున్నదో లేదో, మిరపమడిలో పదును ఉన్నదో ఆరినదో ఇంటియొద్దనే తెలిసికొనవచ్చునని రైతు సోదరులు పలువురు వినియే యుందురు. పరికరములు తమ కబురును తామే అంతర్జాలము ద్వారా పంపు ఈ పద్ధతికి ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అని పేరు. ఇట్టి ఏర్పాట్లను స్వయముగా కూర్చుకొనగోరు వారికై చైనాలోని షెంజెన్ నగరమునందలి ఎం5స్టాక్ సంస్థ 2020లో ‘కోర్2’ అను పెట్టెను విడుదల చేసినది. దానిని గూర్చిన తొలి అభిప్రాయములను ఇచ్చట తెలుపుచున్నాము.

పెట్టె చదరముగా నుండును. ఒక్కొక్క ప్రక్క 54 మిల్లీమీటర్లు, మందము 16 మిల్లీమీటర్లు, అరచేతిలో ఇముడును. పైభాగమున 2 అంగుళముల తెర, దాని క్రింద మీటలవలె పనిచేయు మూడు గుర్తులు కలవు. వ్రేలితో తాకిన చాలును. లోపల ఇ.ఎస్.పి.32 అను చిప్పు, వైఫై, బ్లూటూత్, గడియారము, స్పీకరు, 390 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీ అమర్చియున్నవి. వెనుకటి పద్ధతిలో తెర వేరు, మీటలు వేరు, బ్యాటరీ వేరుగా కొని తీగలతో కలుపవలసి వచ్చెడిది. ఒక్క తీగ వదులైనను పని ఆగెడిది. ఆ బాధ ఇందు చాలవరకు తప్పినది. ఇదియే దీని ముఖ్యగుణమని మా అభిప్రాయము.

ప్రోగ్రాము వ్రాయుట కష్టమని జంకనక్కరలేదు. యూఐఫ్లో అను సాధనములో బొమ్మముక్కలను ఒకదానికొకటి తగిలించిన చాలును. హైస్కూలు పిల్లలు కూడ నేర్వగలరు. తెరపై తెలుగు కావలెనన్నచో మాత్రము మాటలను బొమ్మలుగా తయారుచేసి పెట్టుట సులువైన మార్గము.

ఇక నేల పదును సంగతి. తేమ తెలుపు పుల్లను దీనికి తగిలించినప్పుడు 0 నుండి 4095 వరకు ఏదో ఒక అంకె వచ్చును. ఆ అంకె తేమ కాదు, తేమకు గుర్తు మాత్రమే. కావున మీ పొలము మట్టినే తెచ్చి, బాగుగా ఆరబెట్టి, పుల్లను గ్రుచ్చి అంకెను వ్రాసికొనవలెను. తరువాత అదే మట్టిని నీటితో పూర్తిగా తడిపి రెండవ అంకెను వ్రాసికొనవలెను. ఈ రెంటి నడుమనే మీ నేల కథయంతయు నున్నది. ఎర్రచల్కకు వచ్చిన అంకెలు నల్లరేగడికి పనికిరావు. పుల్ల చుట్టును మట్టి ఒత్తుగా ఉండవలెను; గాలి సందున్నచో లెక్క తప్పును. బయటికి కనబడు రెండు లోహపు కాళ్ల పుల్ల త్వరలో తినివేయబడును గనుక పూత వేసిన కెపాసిటివ్ రకము మేలు. ఈ రకమునందు తేమ పెరిగినకొలది అంకె తగ్గునని మరువరాదు.

పొలములో దీనికి కొన్ని చిక్కులు లేకపోలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెర సరిగా కనబడదు. తడిచేతితో, బురదచేతితో తాకిన సరిగా పలుకదు. వానకు ఆగదు, మూతగల డబ్బాలో ఉంచవలెను. తెర, వైఫై రెండును ఎడతెగక నడచినచో బ్యాటరీ కొద్ది గంటలకే తరుగును కావున తెరను ఆర్పి, గంటకొక్కసారి మేల్కొని కబురు పంపి మరల నిద్రించునట్లు ప్రోగ్రాము వ్రాయవలెను. దీనిలో సిమ్ము లేదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే అందుకొనును. సెల్‌ఫోను హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నచో ఈ పెట్టెకు అది కానరాదు.

మోటారు విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. పెట్టె కాళ్లు 3.3 వోల్టులవి, త్రీఫేజ్ మోటారు 415 వోల్టులది. రెంటిని నేరుగా కలిపిన ప్రాణాపాయము. తగిన రిలే ద్వారా స్టార్టరు కాయిల్‌ను మాత్రమే నడిపించవలెను. ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలెను. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రక్షణను ఎట్టి పరిస్థితిలోను తప్పించరాదు.

ఇంకొక మాట. పశువు కాలు తగిలి పుల్ల తీగ తెగినదనుకొందము. అప్పుడు వచ్చెడి తప్పుడు అంకెను పెట్టె ‘తడి’ అని చదివినచో పైరు ఎండును. ‘పొడి’ అని చదివినచో బావి వట్టిపోవువరకు మోటారు నడచును. కావున మీరు వ్రాసికొన్న రెండు అంకెలకు వెలుపల ఏది వచ్చినను మోటారును కదల్చక, తెరపై ఎర్రగుర్తు చూపునట్లు ఏర్పాటు చేయవలెను. నిర్ణీత కాలము గడువగానే మోటారు తానే ఆగునట్లును వ్రాయవలెను.

మొదటి పంటకు మోటారును దీనికి అప్పగింపక, ఒక్క మడిలో పుల్లను పాతి అంకెలను మాత్రమే చూచుట మంచిది. ప్రతి ఉదయము వేళ్ల లోతు మట్టిని పిడికిట నొక్కి, ముద్ద కట్టినదో పొడి రాలినదో నోటుబుక్కులో ఆ అంకె ప్రక్కనే వ్రాయుచుండవలెను. గ్రామ వ్యవసాయ సహాయకులు ఇట్టి మడిని ఊరికొకటి ఎంచుకొని, ఆ పుస్తకమును రైతులందరికి చూపవచ్చును.