యతీమ్ పిల్లల సేవకు విదేశాలకు వెళ్లే ముందు



వేసవి సెలవులు దగ్గరపడగానే మా కార్యాలయానికి ఒక విజ్ఞప్తి వస్తున్నది. "మా అబ్బాయి రెండు వారాలు కంబోడియా వెళ్లి అక్కడి యతీంఖానాలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతాడట. ఖర్చులో కొంత సంఘం భరిస్తుందా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. పిల్లవాడి మనసు మంచిది, తల్లిదండ్రుల నియ్యత్ మంచిది. అయినా ఈ పనికి మేము సంఘం సొమ్ము ఇవ్వడం లేదు. ఎందుకో దాతలైన మీకు వివరించడం మా బాధ్యత.

యతీంఖానాలో ఉన్నవాళ్లంతా యతీములేనా?

కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలన 1979లో అంతమైంది. ఆ మారణకాండలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు ఈనాడు నడివయసు వాళ్లు. ఆ లెక్కన ఆశ్రమాలు తగ్గాలి. కానీ 2005 నుంచి 2010 లోపల వాటి సంఖ్య 75 శాతం పెరిగింది. అంగ్కోర్ వాట్ చూడవచ్చే పర్యాటకులు పెరిగారు, వారితో పాటు విరాళాలూ పెరిగాయి. ఆశ్రమాల్లోని పిల్లల్లో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ సహకారంతో జరిగిన పరిశీలనలో తేలింది.

ఇది జరిగే తీరు ఇలా ఉంటుంది. పల్లెలో కూలి చేసుకునే తల్లి దగ్గరకు ఒక మనిషి వస్తాడు. "బిడ్డను పంపు, మూడు పూటలా అన్నం పెట్టి చదివిస్తారు" అంటాడు. ఆమె నమ్మి పంపుతుంది. ఆశ్రమంలో పిల్లలు ఎంత ఎక్కువగా ఉంటే విదేశీ అతిథులు అంతగా వస్తారు, ఫీజులు అంతగా ముడతాయి. అందరూ ఇలా చేస్తున్నారని మేము అనము. నిజాయతీగా నడిచే ఆశ్రమాలూ ఉన్నాయి. కానీ రెండు వారాలకు వెళ్లినవారికి తేడా తెలియదు.

నేపాల్‌లోనూ ఆశ్రమాల్లో అత్యధిక భాగం ఖాట్మండు, పోఖరా, చిత్వన్ వంటి పర్యాటక ప్రాంతాల్లోనే ఉన్నాయి. 2015 భూకంపం తర్వాత, పిల్లలను జిల్లాలు దాటించి తీసుకుపోతారన్న భయంతో, తల్లిదండ్రుల తోడు గానీ అనుమతి గానీ లేకుండా పిల్లల ప్రయాణాన్ని అక్కడి ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది.

పిల్లవాడి వైపు నుంచి చూద్దాం

కొత్త అన్నయ్య వస్తాడు. ఆడిస్తాడు, ఎత్తుకుంటాడు, ఫోటోలు తీస్తాడు. పిల్లవాడు చేరువయ్యేసరికి విమానం ఎక్కి వెళ్లిపోతాడు. వారం తిరక్కముందే ఇంకొక అక్కయ్య వస్తుంది. ఏడాదికి ఇరవైసార్లు ఇలా జరిగితే ఆ పసిమనసు ఏమవుతుంది? కొత్తవాళ్లు కనబడగానే పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకునే పిల్లలను చూసి మనం ముచ్చటపడతాం. ఎవరినైనా హత్తుకోవడం చాలాసార్లు నిలకడైన తోడు లేని బిడ్డ లక్షణమని వైద్యులు చెబుతారు. రుమేనియాలో ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలపై 2000 తర్వాత మొదలైన అధ్యయనంలో, కుటుంబాల్లోకి మారిన పిల్లల ఎదుగుదల మెరుగ్గా ఉన్నట్టు కనబడింది. ఎంత చిన్న వయసులో మారితే అంత మేలు.

ఇంకొక మాట. మన ఊరి బడిలో భాష రాని, శిక్షణ లేని, ఎవరో తెలియని యువకుణ్ణి పిల్లల మధ్య పడుకోనిస్తామా? మన పిల్లలకు ఒప్పుకోనిది ఇతరుల పిల్లలకు ఎలా ఒప్పుకుంటాం?

మన ధర్మం చూపిన దారి

దైవప్రవక్త (సఅసం) స్వయంగా యతీమ్. తండ్రి పుట్టకముందే, తల్లి ఆరేళ్ల ప్రాయంలో పోయారు. ఆయనను మొదట తాత అబ్దుల్ ముత్తలిబ్, తర్వాత పినతండ్రి అబూ తాలిబ్ తమ ఇంట్లోనే పెంచారు. కఫాలా అంటే ఇదే: బిడ్డ వంశాన్ని, పేరును చెరపకుండా కుటుంబంలో పోషణ భారం వహించడం. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం కఫాలాను పేరు పెట్టి గుర్తించింది.

మరి ఏం చేయాలి?

వెళ్లాలనే ఉత్సాహం ఉన్న యువతకు మేము చెప్పేది ఇది. మీరు నర్సో, ఫిజియోథెరపిస్టో, ఉపాధ్యాయులో అయితే అక్కడి సిబ్బందికి పని నేర్పండి. మీరు తిరిగొచ్చినా ఆ పని అక్కడ నిలుస్తుంది. వెళ్లేముందు అడగండి: ఆశ్రమానికి ప్రభుత్వ అనుమతి ఉందా? పిల్లలను ఇళ్లకు తిరిగి చేర్చే ప్రయత్నం జరుగుతున్నదా? మన గత చరిత్రను విచారిస్తారా? విచారించకుండా రమ్మనే చోటుకు వెళ్లకండి.

దాతలకు మా మనవి. మన రాష్ట్రాల్లోనూ ఆశ్రమానికి విరాళమిచ్చే ముందు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. మన వీధిలో భర్తను పోగొట్టుకున్న తల్లి ఉంటే, బిడ్డను ఎక్కడికో పంపమని సలహా ఇవ్వకండి. మిషన్ వాత్సల్య పథకంలో అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేయించండి. ఆపదలో ఉన్న బిడ్డ కనబడితే 1098కి ఫోన్ చేయండి.

ఒక విమాన టికెట్టు డబ్బుతో ఒక తల్లికి కుట్టుమిషను, ఆమె బిడ్డకు బడి పుస్తకాలు వస్తాయి. ఆ బిడ్డ రాత్రి తన తల్లి పక్కనే నిద్రపోతాడు. మీ సదఖాను మేము అటువైపే ఖర్చు చేస్తున్నాం. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.