చలిపులి మకాం మాస్కోలో కాదు

అపోహ: రాజధానుల్లోకెల్లా ఎక్కువ చలి మాస్కోలోనే.

వాస్తవం: 1812లో అక్కడి నుంచి వెనుదిరిగిన నెపోలియన్ సైన్యం మంచులో చితికిపోయిన కథ విన్నవాళ్లం కనుక అలా అనుకోవడం సహజమే. కానీ జనవరిలో మాస్కో సగటు ఉష్ణోగ్రత మైనస్ 7 డిగ్రీల దగ్గర ఉంటే, కెనడా రాజధాని ఒట్టావాలో మైనస్ 10, కజకిస్థాన్ రాజధాని ఆస్తానాలో దాదాపు మైనస్ 14. అందరినీ తలదన్నేది మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్. అక్కడ జనవరి సగటే మైనస్ 20కి కింద. రాత్రుళ్లు మైనస్ 30కి దిగడం వాళ్లకు వింతేమీ కాదు.

అపోహ: ఉత్తరానికి పోయేకొద్దీ చలి పెరుగుతుంది.

వాస్తవం: అలాగైతే ఉలాన్‌బాతర్ కన్నా పారిస్ ఎక్కువ వణకాలి. అది కాస్త ఉత్తరానే ఉంది మరి! ఆర్కిటిక్ వలయానికి దగ్గరున్న ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో జనవరి సగటు సున్నా దరిదాపుల్లోనే ఉంటుంది. కిటుకంతా సముద్రంలో ఉంది. నీరు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. అట్లాంటిక్ దాచుకున్న ఆ వేడిని పడమటి గాలులు చలికాలంలో ఐరోపాకు మోసుకొస్తాయి. ఉలాన్‌బాతర్‌కు ఆ భాగ్యం లేదు. సముద్రం ఎక్కడో వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, ఊరేమో సుమారు 1,300 మీటర్ల ఎత్తున తూల్ నది లోయలో. శీతకాలమంతా సైబీరియా చల్లగాలి బరువుగా ఆ ప్రాంతం మీద తిష్ఠ వేస్తుంది. చల్లగాలి లోయ అడుగుకు జారుతుంది కాబట్టి ఒక్కోసారి ఊరికన్నా చుట్టూ ఉన్న కొండవాలే కాస్త నయం! గేర్ అనే గుడారపు ఇళ్ల పొయ్యిల నుంచి లేచే పొగకూ పైకి దారి దొరకదు. అందుకే 2019లో అక్కడ ముడి బొగ్గు కాల్చడాన్ని నిషేధించారు.

అపోహ: చలి ముదిరితే మంచు ఎక్కువ కురుస్తుంది.

వాస్తవం: ఉలాన్‌బాతర్‌లో శీతకాలపు ఆకాశం ఎక్కువగా నిర్మలమే, కురిసే మంచూ కొద్దే. అంత చల్లటి గాలిలో తేమ నిలవదు. మబ్బు దుప్పటి లేక నేల వేడి రాత్రికి రాత్రే ఎగిరిపోయి చలి ఇంకా ముదురుతుంది.

అపోహ: లండన్ చలి ముందు ఢిల్లీది ఏపాటి?

వాస్తవం: సగటున లండనే చల్లన. కానీ కొన్ని జనవరి తెల్లవారుజాముల్లో ఢిల్లీయే దాన్ని మించుతుంది. పైగా లండన్ ఇళ్లలో హీటర్లుంటాయి, ఢిల్లీలో చాలామందికి రగ్గే దిక్కు.

పిల్లల్ని విదేశీ చదువులకు పంపే తల్లిదండ్రులారా, మాస్కో అనగానే రెండు కోట్లు కొని, ఒట్టావాకు మాత్రం స్వెటరుతో సరిపెట్టకండి.