వచ్చే వారం చలి – మీ ఇంటి దినచర్య

శీతకాలం శరీరానికి బలాన్నిచ్చే కాలమని ఆయుర్వేదం చెబుతున్నది. హేమంత ఋతువులో జఠరాగ్ని ప్రబలంగా ఉండి, తిన్న ఆహారం చక్కగా జీర్ణమవుతుంది. ధాతువులకు పుష్టి కలుగుతుంది. అయినప్పటికీ రక్తపోటు, ఉబ్బసం, కీళ్లనొప్పులు గలవారిని, వృద్ధులను, పసిపిల్లలను అధికంగా బాధించేది కూడా ఈ కాలమే. ఈ వైరుధ్యానికి కారణమేమిటి? కాలం ఇచ్చే బలాన్ని పొందుతూ, దాని బాధను తప్పించుకోవడం ఎలా? సిద్దిపేట ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని, వారం రోజుల వాతావరణ సూచనను ఇంటి ఆరోగ్య ప్రణాళికగా మలచుకునే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

ఒకే రోజులో రెండు ఋతువులు

సిద్దిపేట సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున, దక్కను పీఠభూమిపై ఉన్నది. సముద్రం ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరం. సముద్రపు తేమ అందని పొడిగాలికి వేడిని పట్టి ఉంచే శక్తి తక్కువ. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి, పగలు నేల గ్రహించిన వేడి అంతా పైకి పోతుంది. అందుచేత జనవరిలో పగలు 28, 30 డిగ్రీల ఎండ కాసిన రోజున కూడా తెల్లవారుజామున 12, 13 డిగ్రీల చలి ఉండడం ఇక్కడ సాధారణం. చలిగాలులు వీచే రోజులలో అది 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది.

చరక సంహితలోను, అష్టాంగ హృదయంలోను వర్ణించిన హేమంతచర్య రోజంతా చలి ఉండే ప్రదేశాలకు యథాతథంగా సరిపోతుంది. మన ప్రాంతంలో అసలు చలి తెల్లవారుజాము మూడు గంటల నుండి ఉదయం ఎనిమిది గంటల వరకే. మధ్యాహ్నానికి ఉన్ని దుస్తులు భారమవుతాయి. కనుక మనకు కావలసినది ఋతువును బట్టి కాక, గంటలను బట్టి నడిచే దినచర్య. శీతకాలమంతా నేతి వంటలు తిని, పగలంతా స్వెటరులో ఉండి, తెల్లవారుజామున నాలుగున్నరకు చన్నీటి స్నానం చేసేవారు హేమంతచర్యను తలక్రిందులుగా పాటిస్తున్నారన్నమాట.

సూచనను చదివే విధానం

హైదరాబాదులోని వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా రాబోయే రోజుల సూచనలను వెలువరిస్తుంది. 2016 అక్టోబరులో ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన సిద్దిపేటకు కూడా విడిగా సూచన లభిస్తున్నది. పత్రికలలోను, ఫోనులోను కనిపించే ఈ సూచనలో గృహస్థులు నాలుగు అంశాలు గమనించాలి.

మొదటిది కనిష్ఠ ఉష్ణోగ్రత. ఇది సాధారణంగా సూర్యోదయానికి కాస్త ముందు నమోదవుతుంది. మైదాన ప్రాంతాలలో కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువగా ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలకు తగ్గకుండా పడిపోతే దానిని శీతల పవనాల స్థితిగా వాతావరణ శాఖ పరిగణిస్తుంది. పసుపు రంగు హెచ్చరికకు గమనిస్తూ ఉండాలని, నారింజకు సిద్ధంగా ఉండాలని, ఎరుపుకు వెంటనే చర్య తీసుకోవాలని అర్థం.

రెండవది కనిష్ఠానికి, గరిష్ఠానికి మధ్య తేడా. ఈ తేడా ఎంత ఎక్కువైతే శరీరానికి అంత శ్రమ. మూడవది గాలి దిక్కు. నాలుగవది మేఘాలు, తేమ, పొగమంచు.

ఒక విషయం మరువరాదు. వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకం నీడలో, నేల నుండి సుమారు నాలుగు అడుగుల ఎత్తున ఉంటుంది. నిర్మలమైన రాత్రి ఆరుబయట నేలకు దగ్గరగా చలి అంతకంటే ఎక్కువ. చల్లని గాలి బరువైనది కనుక పల్లపు పొలాలలోకి, చెరువు కట్టల దిగువకు చేరుతుంది. పట్టణం నడిబొడ్డున ఉన్న ఇంటికి, ఊరి చివర పొలాల పక్కన ఉన్న ఇంటికి ఒకే అంకె వర్తించదు.

ఉత్తరపు గాలి వీచే వారం

హిమాలయాలలో మంచు కురిపించిన వాయు సంక్షోభం తూర్పుగా సాగిపోయిన తరువాత, ఉత్తర భారతం నుండి చల్లని పొడిగాలి దక్కను వైపు దిగివస్తుంది. సూచనలో ఉత్తర లేదా ఈశాన్య గాలి, నిర్మలాకాశం, తగ్గుతున్న కనిష్ఠం కనిపిస్తే అది ఇటువంటి వారమని గ్రహించాలి.

రూక్షత, శైత్యం, చలనం – ఈ మూడూ వాతదోష గుణాలు. పొడి చలిగాలికి ఉన్నవీ ఇవే గుణాలు. అందువలన ఈ వారంలో పెదవులు, మడమలు పగులుతాయి. చర్మం దురద పెడుతుంది. మోకాళ్లు బిగుసుకుంటాయి. మలబద్ధకం కలుగుతుంది. దీనికి ప్రతిక్రియ స్నిగ్ధత, ఉష్ణత.

అభ్యంగం: రెండు మూడు చెంచాల నువ్వుల నూనెను గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీటిలో ఉంచి గోరువెచ్చగా చేయాలి. తలకు, చెవుల చుట్టూ, అరికాళ్లకు, కీళ్లకు ప్రత్యేకంగా మర్దన చేసి, పదిహేను నిమిషాల తరువాత పెసరపిండితో నలుగు పెట్టుకొని వేడినీటితో స్నానం చేయాలి. ఉద్యోగస్తులు సెలవు దినాన ఎండెక్కిన తరువాత చేసుకుంటే చాలు. జ్వరం, జలుబు, అజీర్ణం ఉన్న రోజున అభ్యంగం పనికిరాదు.

మడమల పగుళ్లకు: ఐదు చెంచాల నువ్వుల నూనె వేడిచేసి, అందులో ఒక చెంచా తేనెమైనం కరిగించి చల్లార్చాలి. రాత్రి పాదాలు కడిగి, తుడిచి, దీనిని రాసి మేజోళ్లు వేసుకోవాలి. మధుమేహ రోగుల పాదాలలో పుండు ఉంటే గృహచికిత్స వద్దు, వైద్యునికి చూపించాలి.

ఆహారం: జొన్నరొట్టె లేదా సజ్జరొట్టె, నువ్వుల పొడి, చెంచాడు నెయ్యి, ఉలవచారు, వెల్లుల్లి వేసిన పప్పు ఈ వారానికి తగినవి. సంక్రాంతి సకినాలలో నువ్వులు, వాము చేర్చడం కూడా కాలానికి అనుగుణమైన ఆచారమే. అయితే అవి నూనెలో వేగిన పదార్థాలు. ప్రాచీనులు హేమంతంలో చెప్పిన గురుభోజనానికి వ్యాయామం తోడుగా ఉండేది. బల్లముందు కూర్చుని పనిచేసేవారు పరిమితి పాటించాలి. చలికి దాహం తెలియదు కనుక గోరువెచ్చని నీరు గుర్తుంచుకొని త్రాగాలి.

తూర్పు గాలి వీచే వారం

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడు, లేదా గాలి తూర్పు, ఆగ్నేయ దిక్కులకు మళ్లినప్పుడు తేమ లోపలికి వస్తుంది. మేఘాలు రాత్రి వేడిని పైకి పోనీయవు. కనిష్ఠం నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది. ఎండ తగ్గి పగలు మందకొడిగా ఉంటుంది. “చలి తగ్గింది” అని సంతోషించి జాగ్రత్తలు మానేది ఇప్పుడే. కాని శీతలమై, తేమతో బరువెక్కిన ఈ వాతావరణం కఫాన్ని పెంచుతుంది. జలుబు, గొంతునొప్పి, ఆకలి మందగించడం, పిల్లలకు రొంప ఈ రోజులలో ఎక్కువగా కనిపిస్తాయి.

క్రిందటి వారం మేలు చేసిన నేయి, నువ్వుండలు ఇప్పుడు తగ్గించాలి. రాత్రి పెరుగు, పగటి నిద్ర మానాలి. మిరియాల చారు, వేడి అన్నం, కూరగాయలు తేలికగా తీసుకోవాలి.

శొంఠి కషాయం: రెండు గ్లాసుల నీటిలో అర చెంచా శొంఠిపొడి, నలగగొట్టిన మిరియాలు నాలుగు, ధనియాలు ఒక చెంచా, తులసి ఆకులు ఐదారు వేసి, ఒక గ్లాసు మిగిలే వరకు మరిగించి వడగట్టాలి. కొద్దిగా బెల్లం చేర్చి, ఉదయం సగం, సాయంత్రం సగం చొప్పున రెండు మూడు రోజులు పెద్దలు త్రాగవచ్చు. మధుమేహం ఉన్నవారు బెల్లం మానాలి. వేడి కషాయంలో తేనె కలపడం ఆయుర్వేదం అంగీకరించదు. కడుపులో మంట, పుండు ఉన్నవారికి ఈ కషాయం పనికిరాదు.

గాలి నిలిచిపోయి, తేమ ఉండి, ఆకాశం తేటపడితే పొగమంచు కమ్ముతుంది. అటువంటి ఉదయాన నేల దగ్గరి చల్లని పొర పొగను, ధూళిని పైకి వెళ్లనీయదు. చెత్త కాల్చిన పొగ కూడా అందులోనే ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు మంచు విడిచేదాకా ఇంట్లోనే ఉండాలి; వైద్యుడిచ్చిన పీల్చే మందును దగ్గర ఉంచుకోవాలి. రాజీవ్ రహదారిపై ప్రయాణాలను ఎండ వచ్చే వరకు వాయిదా వేసుకోవడం ఆరోగ్యానికే కాదు, ప్రాణానికీ క్షేమం.

వృద్ధులకు ముఖ్య సూచన

చలి తగిలినప్పుడు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని, రక్తపోటు పెరుగుతుంది. గుండెకు పని ఎక్కువవుతుంది. నిద్ర లేచిన తొలి గంటలలో రక్తపోటు సహజంగానే పైకి పోతుంది. ఈ రెండూ కలిసే సమయం తెల్లవారుజాము. గుండెపోటు, పక్షవాతం ముప్పు శీతకాలపు ఉదయాలలో పెరగడానికి ఇదొక కారణం.

కోమటి చెరువు కట్టపై నడక ఎంతో మంచి అలవాటు. అయితే జనవరిలో ఇక్కడ సూర్యోదయం సుమారు 6.45 గంటలకు. రక్తపోటు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు ఐదు గంటల నడకను ఏడున్నర తరువాతకు, లేదా సాయంత్రం ఐదింటికి మార్చుకోవాలి. మెలకువ రాగానే ఒక్కసారిగా పక్క దిగక, కాసేపు కూర్చుని లేవాలి. చెవులు, ఛాతీ, పాదాలు కప్పుకొని గాని గడప దాటరాదు. రక్తపోటు మాత్రలను సొంతంగా మానరాదు. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం, మూతి వంకరపోవడం, మాట తడబడడం – వీటిలో ఏది కనిపించినా వాయువని భావించి వాముతో, కషాయాలతో కాలయాపన చేయక, వెంటనే 108కి ఫోను చేయాలి.

పసిపిల్లల సంరక్షణ

శిశువు అరికాలిని, పొట్టను తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే క్షేమం. అరికాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డ చలికి గురవుతున్నది. తల్లి ఛాతీకి ఆనించుకొని ఇద్దరిపై దుప్పటి కప్పాలి. రెండూ చల్లగా ఉంటే ఆ విధంగానే ఆనించుకొని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

చలి ఎక్కువగా ఉన్న రోజులలో ఎండ వచ్చిన తరువాతే స్నానం. తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు ప్రతి దినం స్నానం అవసరం లేదు. గోరువెచ్చని గుడ్డతో తుడిస్తే చాలు. శిశువుల ముక్కులలో నూనె పోయడం, తలస్నానం తరువాత సాంబ్రాణి పొగ పట్టడం, ఛాతీపై కర్పూరం రాయడం మన ఇండ్లలో ప్రేమతోనే చేస్తారు. కాని నూనె ఊపిరితిత్తులలోకి జారితే నిమోనియా రావచ్చు. పొగ శ్వాసనాళాలను బిగింపజేస్తుంది. కర్పూరం పసివారికి విషతుల్యం. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. డొక్కలు ఎగరేస్తూ శ్వాస తీసుకోవడం, పాలు త్రాగకపోవడం ప్రమాద చిహ్నాలు.

కుంపటి – కనిపించని విషం

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించడం ప్రాణాంతకం. నిప్పులనుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి మొదట కనిపిస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు వాడినా ఇదే ముప్పు. వెచ్చదనానికి నేలపై చాప, దానిపై బొంత పరచి, పైన గొంగడి కప్పుకోవడం సురక్షితం. సంక్రాంతి తరువాత కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్లి, ఆరుబయట రాత్రి గడిపే కుటుంబాలు ఈ గొంగడిని, పిల్లల టోపీలను మరువరాదు. గుడారంలో నిప్పు పెట్టరాదు.

వారానికొక చీటీ

ప్రతి ఆదివారం సాయంత్రం గోడ క్యాలెండరుపై రాబోయే ఏడు రోజుల కనిష్ఠం, గాలి దిక్కు వ్రాసుకోండి. ఉత్తరం అయితే నూనె, నువ్వులు. తూర్పు అయితే శొంఠి, మిరియాలు. కనిష్ఠం 10 డిగ్రీల చేరువకు వచ్చే రోజులకు గుర్తు పెట్టి, ఆ ఉదయాలలో వృద్ధుల నడక వేళను, పిల్లల స్నానం వేళను మార్చండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. అప్పటివరకు ఆ తెల్లవారుజామును ఇంటిల్లిపాది ఎలా గడుపుతారన్నదే ముఖ్యం.