పద్పరాద్ష నీలం

పద్పరాద్ష నీలం కురువిందం జాతికి చెందిన అరుదైన రత్నం. కెంపు మరియు నీలం కూడా ఇదే ఖనిజం యొక్క రూపాలు. గులాబీ, నారింజ రంగులు కలిసిపోయిన లేత ఛాయ దీని ప్రత్యేకత. రసాయనికంగా ఇది స్ఫటిక రూపంలోని అల్యూమినియం ఆక్సైడ్. మోహ్స్ కొలమానంపై దీని కాఠిన్యం 9, సాంద్రత సుమారు 4.0, వక్రీభవన గుణకం 1.762 నుండి 1.770 వరకు ఉంటుంది. నీలం జాతిలో అత్యంత ఖరీదైన రకాలలో ఇది ఒకటి. అయితే ఈ పేరుతో అమ్ముడయ్యే రాళ్ళన్నిటికీ ఈ పేరు తగదు. కనుక పరిమితమైన ధనంతో కొనదలచినవారు దీని గురించి కొంత తెలుసుకొనడం అవసరం.

పేరు

ఈ పదం తామరపువ్వు రంగు అనే అర్థమిచ్చే సంస్కృత "పద్మరాగ" శబ్దం నుండి సింహళం ద్వారా యూరోపియన్ భాషలలోకి వెళ్ళి రూపు మారినదని భావిస్తారు. తెలుగు పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. తెలుగులోను, నవరత్నాల పట్టికలలోను పద్మరాగం అంటే కెంపు. కనుక జాతకరీత్యా "పద్మరాగం ధరించండి" అని చెప్పినప్పుడు ఆ మాట పద్పరాద్షకు వర్తించదు. ఈ రెంటికీ మూలపదం ఒకటే అయినా రత్నాలు వేరు, ధరలు వేరు.

రంగు

గులాబీ ఛాయకు కారణం స్ఫటికంలో స్వల్పంగా ఉండే క్రోమియం. పసుపు, నారింజ ఛాయ మాత్రం ఇనుము వలన గాని, స్ఫటిక నిర్మాణంలోని లోపాల వలన ఏర్పడే వర్ణకేంద్రాల వలన గాని, రెంటి వలన గాని వస్తుంది. ఈ రెండు ఛాయల మధ్య సమతూకం ఎక్కడ ఉండాలి అన్నదే చిరకాలంగా వివాదం. శ్రీలంక వర్తకులు లేత ఛాయనే అసలైనదిగా భావిస్తారు. మరికొందరు ముదురు నారింజ రాళ్ళను కూడా ఈ పేరుతోనే అమ్ముతారు.

అంతర్జాతీయ పరీక్షాశాలల సమన్వయ సంఘం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, పగటి వెలుతురులో చూసినప్పుడు గులాబీ ఛాయ గల నారింజ నుండి నారింజ ఛాయ గల గులాబీ వరకు ఉండి, రంగు లేతగా లేదా మధ్యస్థంగా ఉన్న కురువిందమే పద్పరాద్ష. అది ఏ దేశంలో దొరికినదైనా కావచ్చు. గోధుమ వంటి ఇతర ఛాయ కలిసినా, రంగు కంటికి కనబడేంతగా ఒకచోట ఉండి మరొకచోట లేకపోయినా, పగుళ్ళలో పసుపు పదార్థం చేరి దాని వలన రంగు వచ్చినా ఈ పేరు చెల్లదు. టాంజానియాలోని ఉంబా లోయలో దొరికే గోధుమ-నారింజ రాళ్ళను కొందరు "ఆఫ్రికా పద్పరాద్ష" అంటారు గాని, వాటిలో చాలావరకు ఈ నిర్వచనానికి లోబడవు.

లభ్యత

సంప్రదాయికంగా ఇవి శ్రీలంకలోని రత్నపుర పరిసరాలలో, "ఇల్లం" అని పిలిచే గులకరాళ్ళ పొరలో లభిస్తాయి. మడగాస్కర్, టాంజానియా, వియత్నాం దేశాలలో కూడా దొరుకుతాయి. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో సుమారు 100 క్యారట్ల పద్పరాద్ష కలదు. 2018లో బ్రిటన్ రాజకుటుంబానికి చెందిన యూజినీ నిశ్చితార్థపు ఉంగరంలో ఈ రాయి కనబడిన తరువాత సామాన్యులలో కూడా దీని పేరు వ్యాపించింది.

కృత్రిమ మార్పులు

నీలాలను కాల్చి రంగు, స్వచ్ఛత మెరుగుపరచడం పాత పద్ధతే. ఆ సంగతి అమ్మేవారు చెప్పినంతవరకు అందులో దోషం లేదు. కాల్చని రాయికి ధర ఎక్కువ.

అసలు చిక్కు బెరీలియం వలన వచ్చింది. 2001లో గులాబీ-నారింజ నీలాలు అసాధారణమైన సంఖ్యలో బజారులోకి వచ్చాయి. ఇవి థాయిలాండ్‌లోని చంతబురిలో తయారైనవి. మామూలుగా కాల్చినవేనని మొదట చెప్పారు. 2002 జనవరిలో అమెరికా రత్న వ్యాపారుల సంఘం హెచ్చరిక జారీ చేసింది. చవకైన గులాబీ నీలాన్ని బెరీలియం గల పదార్థంతో కలిపి సుమారు 1800 డిగ్రీల సెల్సియస్ వద్ద చాలాసేపు ఉంచితే, ఆ మూలకం రాతిలోకి చొచ్చుకొని నారింజ ఛాయనిస్తుందని పరిశోధనలో తేలింది. బెరీలియం పరమాణువు చాలా చిన్నది కనుక కొన్ని రాళ్ళలో అది మధ్యభాగం వరకు చేరుతుంది. ఈ రాళ్ళు పద్పరాద్షలు కావు, వాటి విలువ కూడా చాలా తక్కువ.

కొన్నిటిని ద్రవంలో ముంచి చూస్తే అంచు చుట్టూ నారింజ పొర కనబడుతుంది. రంగు లోపలి వరకు చేరిన రాళ్ళలో ఆ గుర్తు ఉండదు. బెరీలియం తేలిక మూలకం కావడంతో సాధారణ ఎక్స్‌రే పరికరాలు దానిని పట్టుకోలేవు. లేజరుతో సూక్ష్మ పరిమాణాన్ని ఆవిరి చేసి పరీక్షించే ఖరీదైన పరికరాలు కావాలి. ఆ సౌకర్యం లేని చోట ఇచ్చిన కాగితం ఎంత అందంగా ముద్రించినదైనా ఈ విషయంలో భరోసా ఇవ్వదు.

రంగు నిలకడ

2016 చివరిలో మడగాస్కర్‌లోని అంబతొండ్రజాక ప్రాంతంలో కొత్త నిల్వలు బయటపడ్డాయి. అక్కడి రాళ్ళలో కొన్ని మొదట చక్కని పద్పరాద్ష రంగులో ఉండి, వెలుతురులో ఉంచితే పసుపు ఛాయ తగ్గి ఉత్త గులాబీగా మారుతున్నాయని పరీక్షాశాలలు గమనించాయి. అతినీలలోహిత కాంతి చూపితే ఆ రంగు తాత్కాలికంగా తిరిగి వస్తుంది. కారణం నిలకడలేని వర్ణకేంద్రాలు. అందుచేత కొనేముందు ఆ ధృవపత్రంలో రంగు నిలకడ పరీక్ష జరిగినట్లు ఉన్నదో లేదో అడగాలి. ఇంటివద్ద రాతిని కొన్ని గంటలు ఎండ తగిలే కిటికీలో ఉంచి, ముందు వెనుకల రంగు పోల్చుకొనడం తేలికైన ఉపాయం. తిరిగి ఇచ్చే గడువు ఉన్నప్పుడే ఈ పని చేయాలి.

తక్కువ ఖర్చుతో ఎంపిక

డబ్బు తక్కువైనప్పుడు దేనిని వదులుకోవచ్చో, దేనిని వదులుకోరాదో తేల్చుకోవాలి. పరిమాణాన్ని నిస్సంకోచంగా వదులుకోవచ్చు. క్యారట్ అంటే 0.2 గ్రాములు. 1, 2, 3 క్యారట్ల వంటి గీటు దాటినచోట క్యారట్ ధర పెరుగుతుంది. 0.90 క్యారట్ రాయి, 1.00 క్యారట్ రాయి చేతికి పెట్టుకుంటే తేడా కనబడదు. బరువు కంటే మిల్లీమీటర్ల కొలత ముఖ్యం. సక్రమంగా చెక్కిన గుండ్రని నీలం 6 మి.మీ. వ్యాసం ఉంటే దాదాపు 1 క్యారట్ తూగుతుంది. శ్రీలంకలో బరువు నిలుపుకొనేందుకు అడుగుభాగం లావుగా ఉంచి చెక్కడం పరిపాటి. అటువంటి రాయి 1.3 క్యారట్లు తూగి కూడా పైకి అంతే కనబడవచ్చు. అదనపు బరువుకు ధర చెల్లించేది కొనేవారే.

కంటికి ఆనని చిన్న మలినాలను, కాల్చిన రాయిని అంగీకరించడం కూడా వివేకమే. అమ్మేవారు కాల్చలేదని చెప్పిన రాతిలో సన్నని పట్టువంటి సూదులు చెదరకుండా కనబడితే ఆ మాటకు కొంత బలం చేకూరుతుంది. వదులుకోరానిది రంగు, చెక్కుడు. రాతిని అక్షరాలున్న కాగితంపై పెడితే మధ్యభాగంలోంచి అక్షరాలు స్పష్టంగా చదవగలిగితే దానిలో "కిటికీ" ఉందని అర్థం. అక్కడ రంగు వెలవెలబోతుంది.

దుకాణంలోని పసుపు దీపాల కింద గులాబీ నీలం కూడా పద్పరాద్షలా భ్రమింపజేస్తుంది. నీడపట్టున, పగటి వెలుతురులో, తెల్ల కాగితంపై ఉంచి చూడాలి. పక్కన ఒక గులాబీ నీలాన్ని పెట్టి పోలిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నగలో పొదిగిన దానికంటే విడిరాయి కొనడం మేలు. ఎర్ర బంగారం రాతికి తన ఛాయనిస్తుంది. ఇక కుందనపు పనిలో రాయి వెనుక రేకు ఉంటుంది కనుక అసలు రంగు తెలియదు.

నిజమైన పద్పరాద్ష అందుబాటులో లేనప్పుడు "పీచ్" రంగు నీలం పేరుతో అమ్మే లేత రాళ్ళు మంచి ప్రత్యామ్నాయం. ధృవపత్రంలో పద్పరాద్ష అన్న మాట లేకపోవడం వల్లనే ఇవి చవక. అందంలో కొన్ని ఏమాత్రం తీసిపోవు. మసకగా, గోధుమ ఛాయతో ఉన్న రాతిని పేరు కోసం కొనడం కంటే ఇది మేలు. కృత్రిమంగా తయారుచేసిన కురువిందం కూడా ఇదే రంగులో దొరుకుతుంది. జ్వాలలో కరిగించి తయారుచేసిన వాటిలో భూతద్దం కింద వంపు తిరిగిన గీతలు కనబడవచ్చు. సహజమైన వాటిలో పెరుగుదల గీతలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి.

ధృవపత్రం

చిన్న రాతికి పెద్ద పరీక్షాశాల రుసుము భారమే. అయినా రాయి విలువ ఆ రుసుముకు అనేక రెట్లు ఉన్నప్పుడు ఆ ఖర్చు తగ్గించుకోరాదు. జి.ఐ.ఏ., స్విట్జర్లాండ్‌కు చెందిన ఎస్.ఎస్.ఇ.ఎఫ్., గ్యుబెలిన్ పేరొందిన సంస్థలు. ఈ పత్రంలో రాతి కొలతలు, బరువు సరిచూసుకోవాలి. కాల్చినదీ కానిదీ, బెరీలియం పరీక్ష జరిగినదీ లేనిదీ చూడాలి. రంగుకు ఎదురుగా పద్పరాద్ష అని ఉన్నదో, కేవలం గులాబీ-నారింజ నీలం అని ఉన్నదో ఆ తరువాత చదవాలి.