నల్లపావులు వస్తే భయమెందుకు?

“నల్లపావులు వస్తే నేను ఆడను మామా.”

కల్లూరులో మా మిద్దె మీద బోర్డు మడిచేస్తూ అన్నాడు మా అక్క కొడుకు. ఏడో తరగతి. ఓ టోర్నీలో నల్లపావులతో ఆడిన మూడు గేములూ ఓడాడు. ఇక చెస్సే మానేస్తానంటాడు.

వాడి బాధ నాకు తెలుసు. ఆఫీసు పని అయ్యాక నేనూ ఫోన్‌లో ఆడతా. వీడియోలు చూసి ఎత్తులు బట్టీ పట్టేవాణ్ని. అర్థం కాని కోడ్‌ని నెట్‌లోంచి కాపీ కొట్టినట్టే అది. అవతలివాడు ఒక్క ఎత్తు మారిస్తే చాలు, అంతా క్రాష్!

అందుకే వాడికి ఒక్క ఓపెనింగే, ఎందుకో తెలిసేలా చెప్పా. ఫ్రెంచ్ డిఫెన్స్. 1834లో లండన్, పారిస్ క్లబ్బులు ఉత్తరాలతో ఆడిన పోటీలో పారిస్ వాళ్లు దీన్ని వాడారు. పేరు అలా వచ్చింది.

తెల్ల బంటు ఈ4కి వస్తే మనం ఈ6, ఒక్క గడే. వాళ్లు డీ4 అంటే మనం డీ5. అప్పుడు తెల్ల బంటు ఈ5కి జరిగిందనుకోండి, మధ్యలో దారి మూసుకుపోతుంది. చోటంతా వాళ్లదే. మావాడు హడలిపోయేది ఇక్కడే.

“రేయ్ అబ్బీ, ఆ ఈ5 బంటుకు కాపలా ఎవరు?”

“డీ4 బంటు.”

“మరి దేన్ని కొట్టాల?”

కాసేపు చూసి సీ5 ఆడాడు. అదీ సంగతి! కంపచెట్టుకు కొమ్మలు నరికితే మళ్లీ చిగురిస్తుంది, మొదలు తవ్వాలి. తర్వాత గుర్రం సీ6కి, మంత్రి బీ6కి. అన్నీ డీ4 మీదికే గురి.

దీనికి ఖరీదూ ఉంది. సీ8లోని బిషప్‌కు మన ఈ6 బంటే అడ్డం. మంత్రిని బీ6కి పంపకుండా, అక్కడికి బంటును జరిపి, బిషప్‌ను ఏ6కి తెచ్చి తెల్ల బిషప్‌తో మార్చుకోవడం ఒక దారి.

2024 నవంబర్ 25, సింగపూర్. ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి గేమ్. చెన్నైలోని తెలుగింటి కుర్రాడు గుకేశ్ ఈ4 ఆడితే, డింగ్ లిరెన్ ఈ6 అన్నాడు. 42 ఎత్తుల్లో నల్లపావులే గెలిచాయి. మరి గుకేశ్ భయపడ్డాడా? ఐదో గేమ్‌లో, పదమూడో గేమ్‌లో మళ్లీ ఈ4 ఆడాడు. మళ్లీ ఫ్రెంచే ఎదురైంది. రెండూ డ్రా. డిసెంబర్ 12న, 18 ఏళ్లకే చాంపియన్ అయ్యాడు. అతని టీమ్‌లో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు. నల్లపావులతో ఫ్రెంచ్‌ని ఏళ్ల తరబడి ఆడిన మనిషి ఆయన.

ఇదంతా విని మావాడు ఏమీ అనలేదు. బోర్డు మాత్రం వెంట తీసుకుపోయాడు.

నిన్న రాత్రి మెసేజ్ వచ్చింది: “నల్లపావులే మామా. గేమ్ డ్రా. ఆ బిషప్‌ను బయటికి తెచ్చినా!”