పట్టిక నుంచి గ్రాఫ్: రంగు ఎందుకు తప్పుతుంది? ఎలా సరిచేయాలి?

పైథాన్‌లో నెట్‌వర్క్ గ్రాఫ్ గీయడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఒకేచోట ఇరుక్కుంటారు. బొమ్మ వస్తుంది, రంగులూ వస్తాయి, కానీ ఒక నోడ్‌కు పడాల్సిన రంగు ఇంకోదానికి పడుతుంది. ఎర్రర్ మాత్రం రాదు. అందుకే ఈ తప్పు ప్రమాదకరం. ఎందుకు జరుగుతుందో, ఎలా ఆపాలో మనకు బాగా తెలిసిన రైలు జంక్షన్ల మీదే చూద్దాం.

పట్టికలో ఉన్నదాన్ని మళ్లీ బొమ్మగా గీయడం ఎందుకు?

పట్టిక ఒక్కో వరుసలో ఒక్కో సంబంధాన్నే చెబుతుంది. రెండు మూడు సంబంధాలు కలిస్తే ఏమవుతుందో చెప్పదు. ఈ పదమూడు వరుసలు చూడండి. మధ్యలో వచ్చే స్టేషన్లు వదిలేసి, పెద్ద జంక్షన్లు, చివరి ఊళ్లు మాత్రమే తీసుకున్నాం:

సికింద్రాబాద్ – కాజీపేట
కాజీపేట – బల్లార్షా
కాజీపేట – విజయవాడ
విజయవాడ – విశాఖపట్నం
విజయవాడ – గుంటూరు
విజయవాడ – గూడూరు
గూడూరు – చెన్నై
గూడూరు – రేణిగుంట
రేణిగుంట – గుంతకల్లు
గుంతకల్లు – వాడి
వాడి – సికింద్రాబాద్
గుంటూరు – గుంతకల్లు
సికింద్రాబాద్ – గుంటూరు

ఏ ఒక్క జంక్షన్ మూతపడితే మిగతా వాటిలో ఏదో ఒకటి పూర్తిగా తెగిపోతుంది? పట్టిక చదివి చెప్పాలంటే కాగితం, పెన్సిల్ కావాలి. గ్రాఫ్‌లో అది కంటికే కనిపిస్తుంది: విజయవాడ పోతే విశాఖ, కాజీపేట పోతే బల్లార్షా, గూడూరు పోతే చెన్నై ఒంటరివవుతాయి. గుంతకల్లు పోయినా ఏదీ తెగదు, చుట్టుదారి ఉంది. 1736లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనల చిక్కుముడి విప్పింది కూడా ఈ చూపుతోనే. ఊరి వివరాలన్నీ పక్కనపెట్టి, ఏది దేనితో కలుస్తుందన్న ఒక్కటే మిగుల్చుకున్నాడు.

పట్టికను గ్రాఫ్‌గా మార్చడం ఎలా?

పాండాస్‌తో పట్టిక చదవండి. నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీలో ‘ఫ్రమ్_పాండాస్_ఎడ్జ్‌లిస్ట్’ అనే ఫంక్షన్ ఉంది. ఏ కాలమ్ మొదటి కొస, ఏది రెండో కొస అని చెబితే చాలు, ప్రతి వరుసా ఒక ఎడ్జ్ అవుతుంది, ప్రతి కొత్త పేరూ ఒక నోడ్ అవుతుంది. మన పట్టికకు 11 నోడ్లు, 13 ఎడ్జ్‌లు రావాలి.

ఇక్కడే ఆగి ఆ రెండు అంకెలూ సరిచూసుకోండి. 11కు బదులు 12 వచ్చిందంటే ఏదో పేరు రెండు రకాలుగా పడిందన్నమాట. ‘కాజీపేట’ చివర కనిపించని ఖాళీ ఒకటి ఉన్నా కంప్యూటర్‌కు అది వేరే ఊరే. అందుకే గ్రాఫ్ కట్టకముందే రెండు కాలమ్‌లలోనూ ముందూ వెనకా ఖాళీలు తీసేయడం మంచిది.

ఇంకో రెండు సంగతులు. మామూలు గ్రాఫ్‌లో ఒకే జత రెండుసార్లు వచ్చినా ఎడ్జ్ ఒకటే ఉంటుంది. రెండూ విడిగా కావాలంటే ‘మల్టీగ్రాఫ్’ అడగాలి. ఎవరు ఎవరికి డబ్బు పంపారన్నట్టు దిశ ముఖ్యమైతే ‘డైగ్రాఫ్’ అడగాలి.

రంగులు ఎందుకు తారుమారవుతాయి?

స్టేషన్ల రాష్ట్రాలు సాధారణంగా రెండో పట్టికలో ఉంటాయి. అది రాష్ట్రాలవారీగా ఇలా పేర్చి ఉందనుకోండి: ముందు ఆంధ్రప్రదేశ్‌వి ఆరు – గుంటూరు, గుంతకల్లు, గూడూరు, రేణిగుంట, విజయవాడ, విశాఖపట్నం. తర్వాత తెలంగాణవి రెండు – కాజీపేట, సికింద్రాబాద్. ఆపైన కర్ణాటకలోని వాడి, తమిళనాడులోని చెన్నై, మహారాష్ట్రలోని బల్లార్షా.

ఈ పట్టికలోని రాష్ట్రం కాలమ్‌ను రంగులుగా మార్చి, ఆ లిస్ట్‌ను నేరుగా గ్రాఫ్ గీసే ఫంక్షన్‌లోని ‘నోడ్_కలర్’కు ఇచ్చేస్తారు. నెట్‌వర్క్‌ఎక్స్‌కు ఆ లిస్ట్‌లో పేర్లు కనిపించవు, పదకొండు రంగులే కనిపిస్తాయి. వాటిని తన దగ్గరున్న నోడ్ల వరుసకు ఒక్కొక్కటిగా అంటిస్తుంది. ఆ వరుస ఏది? మార్గాల పట్టికలో ఏ పేరు ముందు ఎదురైతే అది ముందు. అంటే సికింద్రాబాద్, కాజీపేట, బల్లార్షా, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, గూడూరు, చెన్నై, రేణిగుంట, గుంతకల్లు, వాడి. పేర్లు పిలవకుండా, నిలబడ్డ వరుసలోనే పిల్లలకు ప్రోగ్రెస్ కార్డులు పంచినట్టు అవుతుంది.

ఫలితం చూడండి. సికింద్రాబాద్, కాజీపేట, బల్లార్షా ఆంధ్రప్రదేశ్ రంగులోకి వెళ్తాయి. గూడూరు, చెన్నై తెలంగాణవి అవుతాయి. రేణిగుంట కర్ణాటకకు, గుంతకల్లు తమిళనాడుకు, వాడి మహారాష్ట్రకు పోతాయి. పదకొండింటిలో సరిగ్గా పడినవి మూడే: విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు. అవీ అనుకోకుండా కుదిరినవే.

లిస్ట్‌లో రంగులు పదో, పన్నెండో ఉంటే, బొమ్మ గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లెక్క కలవలేదని ఎర్రర్ ఇచ్చేది. పదకొండుకు పదకొండు సరిపోయాయి కాబట్టి దానికి అభ్యంతరం లేదు.

మరి సరిచేయడం ఎలా?

రంగును వరుసకు కాదు, పేరుకు కట్టండి. స్టేషన్ పట్టిక నుంచి ‘పేరు – రాష్ట్రం’ అనే డిక్షనరీ ఒకటి, ‘రాష్ట్రం – రంగు’ అనే డిక్షనరీ ఇంకొకటి తయారుచేసుకోండి. తర్వాత గ్రాఫ్‌లోని నోడ్ల మీదే లూప్ తిప్పుతూ, ఒక్కో పేరుకు రాష్ట్రం, ఆ రాష్ట్రానికి రంగు వెతికి లిస్ట్ కట్టండి. వరుస గ్రాఫ్‌ది, విలువ పట్టికది కాబట్టి ఇక తారుమారయ్యే వీల్లేదు.

స్టేషన్ పట్టికలో లేని పేరు గ్రాఫ్‌లో ఉంటే డిక్షనరీ ‘కీఎర్రర్’ ఇస్తుంది. దాన్ని విసుక్కోకండి, అది మీ మేలు కోరే హెచ్చరిక. తెలియనివాటికి డిఫాల్ట్‌గా బూడిదరంగు ఇచ్చే ముందు, అవి ఎందుకు తెలియలేదో ఒకసారి చూడండి.

నోడ్లను ముందే స్టేషన్ పట్టిక నుంచి గ్రాఫ్‌లోకి ఎక్కిస్తే వరుస కలుస్తుంది కదా అనొచ్చు. కలుస్తుంది. ఏ మార్గమూ లేని స్టేషన్ కూడా బొమ్మలో కనిపించాలంటే అలా ఎక్కించాలి కూడా. కానీ రేపు ఎవరో పట్టికను సార్ట్ చేసి, గ్రాఫ్‌ను మళ్లీ కట్టకుండా రంగులు మాత్రం మార్చారంటే కథ మొదటికొస్తుంది.

ఏ రంగు ఏ రాష్ట్రమో చెప్పే లెజెండ్ కావాలంటే ఒక్కో రాష్ట్రాన్నీ విడిగా గీయండి. ‘డ్రా_నెట్‌వర్క్‌ఎక్స్_నోడ్స్’కు ఆ రాష్ట్రపు స్టేషన్ల లిస్ట్, ఒక రంగు, ఒక లేబుల్ ఇచ్చి, చివర మ్యాట్‌ప్లాట్‌లిబ్ ‘లెజెండ్’ ఫంక్షన్‌ను పిలవండి.

ఏ రంగులు ఎంచుకోవాలి?

రాష్ట్రాలు రకాలు, పరిమాణాలు కావు. వాటికి 1, 2, 3 అని అంకెలిచ్చి లేతనుంచి ముదురుకు వెళ్లే రంగులు వేస్తే, లేని పెద్దాచిన్నా తేడా కనిపిస్తుంది. రకాలకు ‘ట్యాబ్10’ లాంటి విడివిడి రంగులు తీసుకోండి. ఎన్ని మార్గాలు కలుస్తాయన్నది చూపాలంటే మాత్రం ‘విరిడిస్’ లాంటి క్రమంగా మారే రంగులే సరి. అప్పుడు నాలుగు మార్గాల విజయవాడ ఒక కొసన, ఒకే మార్గమున్న విశాఖ మరో కొసన ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పాఠకులుంటారు కాబట్టి ఆ రెండింటి మీదే అర్థాన్ని నిలబెట్టకండి.

విశాఖ పడమర దిక్కున ఎందుకు వచ్చింది?

నోడ్లను ఎక్కడ పెట్టాలో తేల్చే ‘స్ప్రింగ్_లేఅవుట్’కు భూగోళం తెలియదు. ఫ్రుక్టర్‌మన్, రైన్‌గోల్డ్ 1991లో ప్రచురించిన పద్ధతి అది: కలిసి ఉన్న నోడ్లు దగ్గరకు లాక్కుంటాయి, నోడ్లన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మొదలయ్యేది యాదృచ్ఛిక స్థానాల నుంచి కాబట్టి ప్రతిసారీ బొమ్మ మారుతుంది. ‘సీడ్’ ఇస్తే నిలకడగా ఉంటుంది. నిజమైన చోట్లే కావాలంటే స్థానాలు మీరే ఇవ్వండి, రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. విజయవాడకు సుమారు 80.6, 16.5. తిరగేసి ఇస్తే తూర్పు పైకి, ఉత్తరం కుడికి పోతాయి.

తెలుగు పేర్లు డబ్బాలుగా ఎందుకు కనిపిస్తాయి?

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే డెజావూ సాన్స్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ పేరును ‘ఫాంట్_ఫ్యామిలీ’లో ఇస్తే డబ్బాలు పోతాయి. అయినా ఒత్తు అక్షరం కింద కుదురుకోకపోవచ్చు, ‘గుంతకల్లు’లో ‘ల్లు’ విడిపోవచ్చు. అలాంటప్పుడు పైవిస్ లైబ్రరీతో గ్రాఫ్‌ను బ్రౌజర్‌లో చూపించండి. ఒత్తులూ గుణింతాలూ కూర్చే పని బ్రౌజర్‌కు బాగా తెలుసు.

సరిగ్గా వచ్చిందని నమ్మేదెలా?

చెన్నై తెలంగాణ రంగులో పడితే మన కన్ను వెంటనే పట్టేస్తుంది. కానీ మీ పట్టికలో ఉన్నవి బ్యాంకు ఖాతాలో, ప్రొటీన్లో, ఓటర్లో అయితే ఆ రంగు తప్పని ఎవరు చెబుతారు? బొమ్మ అందంగా ఉంటుంది, చూసినవాళ్లు నమ్ముతారు, ఆ నమ్మకంతో నిర్ణయాలు తీసుకుంటారు. అందుకే కొత్త కోడ్‌ను ముందు జవాబు మీకు తెలిసిన చిన్న పట్టిక మీద నడపండి. తర్వాత అదే పట్టిక వరుసలను కావాలనే కలగాపులగం చేసి మళ్లీ నడపండి. రంగులు మారకుండా నిలిస్తే ఆ కోడ్‌కు పెద్ద పట్టికను ధైర్యంగా అప్పగించవచ్చు.